సీబీపీ కాగితం ఎంతవరకు చెబుతుంది?

జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా డాక్టరు రాసే మామూలు రక్తపరీక్షే అది. అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లకు ముందుముందు ఎలా ఉండబోతోందో ఆ పరీక్షలోని అంకెలు కాస్త సూచిస్తాయని పరిశోధకులంటున్నారు. ఆ సూచనను ఎంతవరకు నమ్మాలి? ఎక్కడ పక్కన పెట్టాలి?

రాత్రి పదకొండు గంటలకు ఫోను మోగింది. అవతల మా పిన్ని కూతురు.

"అక్కా, అమ్మకి అయిదున్నర వచ్చింది."

"అయిదున్నరేమిటే? హిమోగ్లోబినా?"

"కాదక్కా. న్యూట్రోఫిల్స్ 78 ఉన్నాయి, లింఫోసైట్స్ 14. భాగిస్తే అయిదున్నర. మూడు దాటితేనే మంచిది కాదట. అలాంటివాళ్లు ఎక్కువ కాలం..." అని ఆగిపోయింది.

పిన్నికి అండాశయ క్యాన్సరని తేలి అప్పటికి తొమ్మిది రోజులు. ఆపరేషన్‌కి ముందు చేయించిన పరీక్షల కాగితాలన్నీ ఓ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. అందరూ పడుకున్నాక మా చెల్లెలు ఆ కవరు విప్పి, ఒక్కో కాగితాన్నీ ముందేసుకుని ఫోనులో వెతుక్కుంటూ కూర్చుంది. స్కానింగ్ రిపోర్టులో భాష అర్థం కాలేదు. సీబీపీ కాగితం మాత్రం అర్థమైనట్టే అనిపించింది. అన్నీ అంకెలే కదా! అంకెల్ని భాగించడం ఎవరికి రాదు?

ఆ రాత్రి తనకేం చెప్పాలో నాకు తెలీలేదు. తర్వాత డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదంతా ఇది. ఇలాంటి కవరు విప్పుకుని రాత్రిపూట కూర్చునే కూతుళ్లూ కోడళ్లూ ఇంకా ఎందరో ఉంటారు కదా.

ఒక్క గొట్టం రక్తంలో

మనవైపు సీబీపీ అంటాం, కొన్నిచోట్ల సీబీసీ అంటారు. రెండూ ఒకటే. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలోకి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. యంత్రం దాన్ని లెక్కపెట్టి కాగితం మీద అచ్చేస్తుంది. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12 ఉండాలి. తెల్లకణాలు నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉండొచ్చు. ఆ తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతం ఉన్నాయో విడిగా వేస్తారు. వాటిలో పెద్దపీట న్యూట్రోఫిల్స్‌ది, తర్వాత లింఫోసైట్లది. ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా మామూలే.

ప్లేట్‌లెట్లనే మాట మన ఇళ్లలోకి వచ్చింది డెంగ్యూ పుణ్యమా అని. పొద్దున లక్షా ఇరవై, సాయంత్రం ఎనభై వేలు అంటూ కొబ్బరినీళ్లతో, బొప్పాయి ఆకుల రసంతో ఇల్లంతా హడావుడి పడతాం. అందుకే మనకి ప్లేట్‌లెట్లు పడిపోవడమే ప్రమాదం. పెరిగితే మంచిదేగా అనుకుంటాం. అండాశయ క్యాన్సర్‌లో కథ తిరగబడుతుంది. ఇక్కడ డాక్టర్ల కన్ను పడేది పెరిగిన ప్లేట్‌లెట్ల మీద.

మానని పుండు

ఎక్కడో పొత్తికడుపులో ఉన్న గడ్డకూ, చేతి నరంలోంచి తీసిన రక్తానికీ సంబంధమేమిటి? 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, క్యాన్సర్ గడ్డ అంటే మానని పుండు లాంటిదన్నాడు. వేలు తెగితే ఏమవుతుంది? ప్లేట్‌లెట్లు పరుగెత్తుకొచ్చి రక్తాన్ని ఆపుతాయి. న్యూట్రోఫిల్స్ వచ్చి సూక్ష్మక్రిములతో పోరాడతాయి. కొత్త రక్తనాళాలు పుడతాయి. పుండు మానగానే ఎవరి పని వాళ్లు ముగించుకుని వెళ్లిపోతారు. గడ్డ దగ్గర మాత్రం ఈ పని ముగియదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉండిపోతారు. ఆ తెచ్చిన సరంజామానంతా గడ్డ తన పెరుగుదలకే వాడుకుంటుంది.

అండాశయ క్యాన్సర్‌లో ఇదెలా జరుగుతుందో 2012లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు చాలావరకు విడమరిచి చూపించారు. గడ్డ ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది కాలేయాన్ని చేరి త్రాంబోపొయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఆ హార్మోన్ ఎముకల మూలుగను చేరి ప్లేట్‌లెట్లు ఇంకా ఇంకా చెయ్యమంటుంది. అలా పుట్టిన ప్లేట్‌లెట్లు తిరిగి గడ్డకే అండగా నిలుస్తాయి. పొయ్యి తనకు కావలసిన కట్టెలు తానే తెప్పించుకుంటున్నట్టు! ఎలుకల్లో ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే మందు ఇస్తే ప్లేట్‌లెట్లు తగ్గాయి, గడ్డల పెరుగుదలా మందగించింది.

ఆ పరిశోధనలో 619 మంది రోగుల వివరాలు చూశారు. జబ్బు బయటపడేనాటికే వాళ్లలో 31 శాతం మందికి ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటి ఉన్నాయి. అలా దాటినవాళ్లు మొత్తం మీద తక్కువ కాలం జీవించారు. వాళ్లలో సగం మంది రెండున్నరేళ్లు దాటి కొద్ది నెలలలోపే పోతే, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నవాళ్లలో అదే సగానికి నాలుగున్నరేళ్లు దాటింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ వాక్యం దగ్గరే చాలామంది గుండె జారిపోతుంది. సగం మంది అంతలోపే పోయారంటే మిగతా సగం మంది అంతకన్నా ఎక్కువే బతికారని కదా! ఆ ఎక్కువ ఎంతన్నది సగటు చెప్పదు. స్టీఫెన్ జే గౌల్డ్ అని అమెరికాలో పేరున్న శాస్త్రవేత్త ఉండేవాడు. 1982లో ఆయనకు పొట్టలోని పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్ వచ్చింది. ఆ జబ్బులో సగం మంది ఎనిమిది నెలల్లో పోతారని లైబ్రరీలో చదివాడు. తర్వాత ఇరవై ఏళ్లు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో చనిపోయాడు. సగటును చూసి కుంగిపోవద్దని ఆయన రాసిన వ్యాసాన్ని డాక్టర్లు నేటికీ రోగులకు చదవమని ఇస్తుంటారు. ఇంకో సంగతి. హ్యూస్టన్ లెక్కలోని స్త్రీలు చికిత్స తీసుకున్నది ఓలాపారిబ్ లాంటి మందులు రాకముందు. అది అమెరికాలో మొదటిసారి అనుమతి పొందింది 2014లో.

భాగిస్తే వచ్చే అంకె

ఇక మా చెల్లెలి అయిదున్నర సంగతి. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగిస్తే వచ్చే నిష్పత్తి అది. న్యూట్రోఫిల్స్ పెరిగాయంటే ఒంట్లో ఎక్కడో మంట, వాపు ఉన్నట్టు. లింఫోసైట్లు క్యాన్సర్ కణాలను గుర్తుపట్టి చంపే కాపలావాళ్లు. మొదటివి పెరిగి రెండోవి తగ్గితే శరీరంలో తూకం గడ్డవైపు మొగ్గిందని అనుకోవచ్చు. 60 శాతం, 30 శాతం ఉంటే నిష్పత్తి 2. మామూలు ఆరోగ్యవంతుల్లో ఇంచుమించు అలాగే ఉంటుంది.

2009లో దక్షిణ కొరియా పరిశోధకులు అండాశయ క్యాన్సర్ రోగులను చూసి, చికిత్సకు ముందు ఈ నిష్పత్తి 2.6 దాటినవాళ్లకు జబ్బు ఎక్కువగా ఇబ్బంది పెట్టిందన్నారు. తర్వాత చాలా దేశాల వాళ్లు చూశారు. మొత్తం మీద అందరిదీ ఒకే మాట, నిష్పత్తి ఎక్కువైతే అంత మంచిది కాదని. కానీ ఎక్కువంటే ఎంత? ఒకరు 2.6 అంటే ఇంకొకరు 3, మరొకరు 4 అంటారు. ఎవరి రోగుల్లో వాళ్లకు కుదిరిన చోట గీత గీసుకున్నారు. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగించి చూసినవాళ్లున్నారు. మూడింటినీ కలిపి గుణించి, భాగించి ఇంకో సూచిక తయారుచేసినవాళ్లూ ఉన్నారు. చవగ్గా దొరికే అంకెలు కాబట్టి పరిశోధనలూ కుప్పలుగా వచ్చాయి. చాలావరకు పాత ఫైళ్లు తిరగేసి తీసిన లెక్కలే అవి. ఈ అంకె చూసి చికిత్స మారిస్తే రోగికి మేలు జరిగిందని చూపించినవి కావు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమనిపించింది.

మర్నాడు మా చెల్లెలూ నేనూ కలిసి పిన్నికి ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. ఆమె అయిదున్నర అన్న మాట విని నవ్వలేదు, కసురుకోనూ లేదు. కాగితం తీసుకుని ముందు తేదీ చూశారు.

"ఆ రోజు మీ అమ్మగారికి జ్వరం ఉందామ్మా?"

ఉంది. మూత్రంలో మంట, మూడు రోజులుగా జ్వరం. మందులు వాడుతోంది కూడా. ఆ సంగతి మా చెల్లెలికి తట్టనే లేదు.

"ఇన్‌ఫెక్షన్ ఉంటే ఈ అంకె పెరుగుతుంది. స్టెరాయిడ్ వేసుకున్నా పెరుగుతుంది. ఆపరేషన్ అయిన వారం రోజులూ చూస్తే ఇంకా పెరుగుతుంది. కీమోలో తెల్లకణాల కోసం ఇచ్చే ఇంజెక్షన్ పడితే చెప్పక్కర్లేదు" అన్నారామె. పది రోజులాగి మళ్లీ చేయించారు. అయిదున్నర కాస్తా 3.8కి దిగింది. మూడు మాత్రం దిగలేదు.

"మరి ఇదీ ఎక్కువే కదండీ?" అంది మా చెల్లెలు.

"ఎక్కువే. కానీ నేను చూసేవి వేరే ఉన్నాయి. జబ్బు ఎంత దూరం పాకింది, ఏ రకం, ఆపరేషన్‌లో కంటికి కనిపించేదంతా తీసెయ్యగలనా, కీమోకి ఎలా లొంగుతుంది, మీ అమ్మగారికి ఓపిక ఎంతుంది, బీఆర్‌సీఏ జన్యువులో లోపముందా. వీటి తర్వాతే ఎక్కడో ఈ అంకె" అన్నారు.

మరి డాక్టర్లకు పనికిరాదా?

పనికొస్తుంది. ఇంట్లో మనం భయపడే పద్ధతిలో కాదు.

అండాశయ క్యాన్సర్ రోగుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. క్యాన్సర్‌కీ రక్తపు గడ్డలకీ సంబంధముందని 1865లోనే పారిస్ డాక్టరు ఆర్మాండ్ ట్రూసో చెప్పాడు. చిత్రమేమిటంటే, తర్వాత ఆయనకే రక్తనాళంలో గడ్డకట్టింది. తనది క్యాన్సరేనని తానే పోల్చుకున్నాడంటారు. 1867లో జీర్ణాశయ క్యాన్సర్‌తోనే పోయాడు. ఆ ముప్పు ఎవరికి ఎక్కువో అంచనా వేయడానికి 2008 నుంచి ఖొరానా స్కోరనే లెక్క ఉంది. అందులో సగానికి పైగా మన సీబీపీ అంకెలే! కీమో మొదలెట్టేముందు ప్లేట్‌లెట్లు మూడున్నర లక్షలు, ఆ పైన ఉంటే ఒక మార్కు. హిమోగ్లోబిన్ పదికి తక్కువైతే ఒకటి. తెల్లకణాలు పదకొండు వేలు దాటితే ఇంకొకటి. ఊబకాయముంటే ఒకటి. స్త్రీల జననాంగాలకు వచ్చిన క్యాన్సర్‌కి ఎటూ ఒక మార్కు ఉంటుంది. మార్కులు పెరిగేకొద్దీ జాగ్రత్త పెరుగుతుంది. కొందరికి ముందుగానే రక్తం పలచబడే మందు ఇవ్వాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు. చూశారా, అదే కాగితం, అవే అంకెలు. కానీ ఇక్కడ చేయగలిగిన పని ఒకటుంది. చికిత్స జరుగుతున్నవాళ్లకు ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. "నడిచి నడిచి వాచింది, వేడినీళ్ల కాపడం పెడదాం" అనుకోకూడదు.

కీమో ప్రతి విడతకూ ముందు సీబీపీ చేయించేదీ ఇందుకే. న్యూట్రోఫిల్స్ పదిహేను వందలకన్నా, ప్లేట్‌లెట్లు లక్షకన్నా తగ్గితే సాధారణంగా ఆ విడతను కొన్నాళ్లు వాయిదా వేస్తారు. వాయిదా వేశారంటే జబ్బు ముదిరిందని కాదు, మూలుగకు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తున్నారని. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే ఇంట్లో పారాసెటమాల్ వేసుకుని పడుకోవడం పనికిరాదు.

రక్తహీనత ఉన్న దేశంలో

"అయితే ఈ అంకెలు చూసి క్యాన్సర్ ఉందో లేదో ముందే కనిపెట్టొచ్చా?" మా పక్కింటావిడ అడిగారు. లేదు. ఇంగ్లండులో నలభై ఏళ్లు దాటినవాళ్ల రికార్డులు చూసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్లేట్‌లెట్లు నాలుగు లక్షలు దాటిన స్త్రీలలో ఏడాదిలోపు ఏదో ఒక క్యాన్సర్ బయటపడింది 6.2 శాతం మందికి. అందులోనూ ముందు వరసలో ఉన్నవి ఊపిరితిత్తులు, పెద్దపేగు. అంటే వందలో తొంభైముగ్గురికి పైగా స్త్రీలకు ఆ ఏడాదిలో ఏ క్యాన్సరూ బయటపడలేదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఐరన్ లోపం వల్ల కూడా ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ప్లేట్‌లెట్లు పెరిగాయని ఇంతమందిని క్యాన్సర్ పేరుతో భయపెడదామా? మన ఆడవాళ్ల రక్తంలో లేనిది ముందు ఐరన్. అది సరిచేయడం డాక్టర్లకన్నా ముందు ఇంటివాళ్ల చేతిలో ఉంది. కానీ దానికెవరూ రాత్రి పదకొండింటికి ఫోన్ చెయ్యరు.

రెండో వైపు ప్రమాదం ఇంకా పెద్దది. పిన్నికి ఆరు నెలల ముందు నుంచీ కడుపుబ్బరం. నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్టుండేది. చీర కుచ్చెళ్ల దగ్గర బిగుతైతే లావెక్కుతున్నాననుకుంది. గ్యాసని సోడా తాగింది, వాము నమిలింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో సీబీపీ చేశారు. హిమోగ్లోబిన్ 9.8, మిగతావన్నీ మామూలే. ఐరన్ మాత్రలిచ్చి పంపారు. "రక్తపరీక్ష బాగానే ఉందిగా" అన్న ధైర్యంతో నాలుగు నెలలు గడిచిపోయాయి. పొట్టలో నీరు చేరాక గానీ స్కానింగ్ జరగలేదు. ఆ మామూలు అంకెల మీద నాకు ఇప్పటికీ కోపమే.

కడుపుబ్బరం, కొంచెం తినగానే నిండినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సిరావడం. ఇవి కొత్తగా మొదలై, నెలలో పన్నెండు సార్లకు మించి వస్తుంటే, ముఖ్యంగా యాభై దాటినవాళ్లకు, సీఏ 125 అనే రక్తపరీక్ష చేసి, అది 35 లేదా అంతకన్నా ఎక్కువుంటే కడుపు స్కానింగ్ చేయాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2011లో చెప్పాయి. ముట్లుడిగి ఏళ్లయినవాళ్లు "ఆ వయసులో అవన్నీ మామూలే" అని సర్దుకుపోతారు. వాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి. ఇంట్లో అమ్మకో, చెల్లెలికో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి.

సీఏ 125 కూడా అంతిమ తీర్పు కాదు. నెలసరి రోజుల్లో, ఎండోమెట్రియోసిస్‌లో, కడుపులో టీబీ ఉన్నా అది పెరుగుతుంది. కడుపు టీబీలోనూ నీరు చేరుతుంది కాబట్టి దాన్ని చూసి అండాశయ క్యాన్సరేమోనని పొరబడటం మన దేశంలో కొత్తేం కాదు. పోనీ ఏ బాధా లేని ఆడవాళ్లందరికీ ఏటా ఈ పరీక్ష చేస్తే? బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2021లో ఫలితం చెప్పారు. అలా చేసినందువల్ల మరణాలు తగ్గలేదు.

పిన్నికి ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. బయటికొచ్చిన డాక్టరమ్మ "కంటికి కనిపించేదేదీ మిగల్చలేదు" అన్నారు. ఆ తర్వాత కీమో. మధ్యలో ఒకసారి తెల్లకణాలు పడిపోయి వారం వాయిదా పడింది. ఇప్పటికి రెండేళ్ల నాలుగు నెలలు. మూడు నెలలకోసారి చూపించుకుంటోంది.

కొత్త కాగితం వచ్చినప్పుడల్లా మా చెల్లెలు ఇంకా భాగించుకుంటూనే ఉంది. కాకపోతే ఇప్పుడు కాగితం పైన ఓ మూల రాసిపెడుతోంది: ఆ రోజు జ్వరం ఉందా, జలుబు ఉందా, ఏ మందులు వాడుతున్నారు, కీమో అయి ఎన్నాళ్లయింది. పోయినసారి దాన్ని చూసిన డాక్టరమ్మ, "ఇలా అందరూ రాసుకొస్తే నాకు సగం ప్రశ్నలు తప్పుతాయి" అన్నారట. పిన్ని మాత్రం ఆ కవరును బీరువాలో పట్టుచీరల కింద పెట్టేసింది. అడిగితే, "నా లెక్కలు నాకొద్దులేవే, ఆ పాలవాడి లెక్క చూడు ముందు" అంటుంది.